ఆకలి చూడ్డానికి ఐకాడ్ దాకా

ఆకలి అంటే ఏమిటో ఉద్యోగులకు తెలియాలని దుబాయ్‌లోని మా కంపెనీకి బుద్ధి పుట్టింది. మూడు రోజులు, రోజుకు పది దిర్హాములతో తిండి సరిపెట్టుకోవాలి. తిన్నది ఫొటో తీసి గ్రూపులో పెట్టాలి. గెలిచినవాళ్ళకు బహుమతి. "ముందు సాయంత్రం జీడిపప్పు నమలడం మానండి, ఆకలి అదే తెలుస్తుంది," అంది మా ఆవిడ సుజాత. నేను పట్టించుకోలేదు.

శుక్ర, శనివారాలు ఖుబూస్ రొట్టె, పప్పు, అరటిపండుతో గట్టెక్కాను. ఆదివారం పనివాళ్ళ క్యాంపుకు వెళ్ళొస్తే ఫొటోలకు నిండుదనం వస్తుందని తోచింది. మా ఆఫీసులో టీ ఇచ్చే నర్సయ్య తమ్ముడు మల్లేశ్ అబుదాబి దగ్గర ఐకాడ్ అనే పారిశ్రామికవాడలో వెల్డరు, అక్కడి క్యాంపులోనే ఉంటాడు. నాలుగింటికి వస్తానని కబురు పెట్టాను.

ముందు ఐకాడ్ పక్కనే ఉన్న ముసఫ్ఫా బజారు చూద్దామని పదింటికే దుబాయ్‌లోని ఇబ్న్ బటూటా బస్టాండులో బస్సెక్కాను. టికెట్టు ఇరవై ఐదు దిర్హాములు. అది తిండి ఖర్చు కాదు కనుక లెక్కలోకి రాదు. నియమాలు బాగా చదివాను. పక్కసీట్లో ఉన్న నెల్లూరు టైలరు మస్తాన్ భాయ్ సంగతంతా విన్నాడు. "పస్తుంటే ప్రైజు కూడా ఇస్తారా సార్? మేం ఇన్నాళ్ళూ ఉత్తపుణ్యానికే ఉన్నామే!" అన్నాడు.

పన్నెండున్నరకు బజారులో బిర్యానీ వాసన తగిలింది. పొద్దున తిన్న ఖుబూస్ ఎప్పుడో అరిగిపోయింది. నాలుగింటిదాకా ఆగలేక టాక్సీలో ఒంటిగంటకే క్యాంపు చేరాను.

మల్లేశ్ గదిలో ఆరుగురుంటారు. ఐదుగురు నేలమీద పేపరు పరుచుకుని అప్పుడే తినడం ముగిస్తున్నారు. "జల్దిన వచ్చిండ్రు సారూ! చేతులు కడుక్కోండ్రి, తిందురు," అంటూ మల్లేశ్ లేచాడు. నేను మర్యాదకు వద్దన్నాను, నా పొట్ట వద్దనలేదు. అతను గూట్లోంచి మూతపెట్టిన పళ్ళెం తెచ్చి ముందు పెట్టాడు. అన్నం, ఎర్రటి కోడికూర. ఫొటో తీసి, 'ఈరోజు తిండి ఖర్చు సున్నా' అని గ్రూపులో పెట్టి, ఎముకలు కూడా వదలకుండా లాగించాను.

రెండున్నరకు ఆరో మనిషి లింగన్న ఓవర్‌టైము ముగించుకుని ఒళ్ళంతా దుమ్ముతో వచ్చాడు. ఆ గదిలో వారానికోసారే చికెను, మనిషికి నాలుగు ముక్కలు. డ్యూటీలో ఉన్నవాడి వాటా మూతపెట్టి గూట్లో ఉంచుతారు, దాన్ని ఎవరూ ముట్టరు. లింగన్న గూటివైపు చూశాడు, నా ముందున్న ఎముకలవైపు చూశాడు.

"దుబాయ్ సారు వచ్చిండన్నా," అన్నాడు మల్లేశ్ తల వంచుకుని.

"మంచిగైంది. నాకేం ఆకలి లేదు," అన్నాడు లింగన్న. తెల్లారుజామున నాలుగింటికి పోయిన మనిషి!

సిగ్గుతో చచ్చిపోయాను. గేటు పక్కనే కెఫెటేరియా ఉంది, జేబులో కార్డుంది. కానీ నాకు ముందుగా తట్టింది వేరు: చికెన్ కొంటే పది దిర్హాములు దాటి పోటీ పోతుందని. దాచడమెందుకు, నా బతుకు అదీ. తేరుకుని "నేను తెస్తాను" అని లేచేసరికి లింగన్న నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఖలాస్ సారూ, కూసోండ్రి. పచ్చడేసుకొని ఇంత తింట," అని గిన్నె అడుగున మిగిలిన అన్నం గీరుకున్నాడు.

ఐదింటికి బయల్దేరాను. లింగన్నే గేటుదాకా వచ్చి, రేపటి డ్యూటీకి ఉడకబెట్టుకున్న రెండు గుడ్లు కాగితంలో చుట్టి చేతిలో పెట్టాడు. "దుబాయ్ దూరం గద, తొవ్వల ఆకలైతది," అన్నాడు. ఎంత వద్దన్నా వినలేదు. వాటిని ముట్టకూడదనుకున్నాను. బస్సు కదిలిన అరగంటకు తినేశాను.

ఐకాడ్‌కు వెళ్ళాలనుకునే వాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఇంట్లో కడుపునిండా తిని బయల్దేరండి. ఆకలి సంగతి మీకు తెలియకపోయినా ఫరవాలేదు, వాళ్ళ కూడు వాళ్ళకు మిగులుతుంది.