మైకు మామ

నగర కౌన్సిల్ హాల్లో మైకులు చూసే ఆయన్ని అందరూ మైకు మామ అనే పిలుస్తారు. సమావేశానికి ముందు ప్రతి మైకునీ భుజం మీది తువ్వాలుతో తుడిచి, వేలితో తట్టి చూస్తాడు. తన బల్ల మీదా ఒకటుంది కానీ, అందులో ఏనాడూ "హలో" అని కూడా అనలేదు. సభ్యులు మురుగుకాల్వతో మొదలుపెట్టి ఒకరి వంశాన్నొకరు ఏకేస్తుంటే, మేయర్ కనుసైగ చేయగానే స్విచ్ నొక్కేస్తాడు. నోళ్లు ఆడుతూనే ఉంటాయి, మాట మాత్రం వినబడదు.

ఆ రోజు ఓటుకొచ్చింది రోడ్డు వెడల్పు ప్రతిపాదన. మామ తన బల్ల మీది మైకునే తుడిచిందే తుడుస్తున్నాడు. అది నెగ్గితే అక్క కుట్టుమిషన్ పెట్టుకున్న ముందుగది పోతుంది. "అక్కడే ఉంటావు కదరా, ఒక్క మాట చెప్పలేవూ?" అంది అక్క పొద్దున. "నా పని మైకులు చూడ్డమే అక్కా, మాట్లాడ్డం కాదు," అన్నాడు.

ఓటింగులో సభ్యులు చేతులెత్తారు. వెడల్పు ప్రతిపాదన వీగిపోయిందని మేయర్ ప్రకటించాడు. మరుక్షణం హాలు నాలుగు మూలల నుంచీ "హమ్మయ్య" అని గట్టిగా వినబడింది. చెయ్యి తగిలి తన మైకే ఆన్ అయిందని మామకి అప్పుడు తెలిసింది. బిక్కచచ్చిపోయి స్విచ్ కోసం తడుముకున్నాడు.

"ఉండనీ మామా," అన్నాడు మేయర్, కుర్చీలో వెనక్కి వాలుతూ. "పొద్దుట్నుంచీ ఇక్కడ అందరికీ అర్థమైన మాట అదొక్కటే."