కేకులో బాలయేసు

లెంట్ ముందురోజు జరిగే మార్డిగ్రా పండగ ఊరేగింపులు చూసిన మర్నాడు పొద్దున న్యూ ఆర్లీన్స్‌లో అట్లాంటా బస్సెక్కాను. మెడలో పూసల దండలు, ఒళ్లో ఆ పండక్కి చేసే కింగ్ కేక్, తినగా మిగిలింది. పక్క సీట్లో చీర మీద స్వెట్టర్ తొడుక్కున్న తెలుగావిడ. మర్యాదకి ఒక ముక్క ఇవ్వబోయాను.

"క్రిస్టియన్సేనా బాబూ?"

"అవునాంటీ."

"ఇవాళ్టి నుంచి లెంట్ ఉపవాసాలు. తెలుసా?"

"తెలుసు. అందుకే కదా నిన్నటిదాకా ఫుల్‌గా ఎంజాయ్ చేశాం."

"రేపట్నుంచి కొట్టనని చెప్పి ఇవాళ పెళ్లాన్ని చితకబాదినట్టుంది నీ భక్తి!"

నాకు ఒళ్లు మండింది. ఆవిడ చూస్తుండగానే కేకు తుంచాను. లోపలి నుంచి వేలెడంత ప్లాస్టిక్ బొమ్మ బయటపడింది.

"ఏంటది?"

"బాలయేసు. ఎవరికొస్తే వాళ్లు వచ్చేసారి కేక్ కొనాలి," అన్నాను, కావాలనే నవ్వుతూ.

బొమ్మను నా చేతిలోంచి లాక్కుంది. కొంగుతో దాని ముఖానికంటిన పంచదార తుడిచింది. కళ్లు, ముక్కు, చెవుల వెనక కూడా, పసివాడికి స్నానం చేయించాక తుడిచినట్టు. తర్వాత గుప్పిట మూసుకుంది. దారిలో మాంట్‌గోమరీ రాగానే బొమ్మతోనే దిగిపోయింది.

ఆవిడంటే నాకిప్పటికీ కోపమే. కానీ మార్డిగ్రాకి ఆఫీసులో ఎవరైనా కింగ్ కేక్ మీద కత్తి పెట్టబోతే, ముందు బొమ్మను బయటికి తియ్యమంటాను.