ఎసరు నీళ్ల తనిఖీ

మొన్న వర్గల్ సరస్వతమ్మ గుడికి వెళ్లినప్పుడు అన్నదానం షెడ్డు వెనక పెద్ద గుండిగలో అన్నం ఉడుకుతోంది. పచ్చికట్టెల పొగ, వార్చిన గంజి వాసన కలిసి ముక్కుకు తగిలాయి. నా భార్య దర్శనం వరుసలోకి వెళ్లిపోయింది. నేను కళ్లు నులుముకుంటూ అక్కడే నిలబడ్డాను. ఆ వాసన వస్తే నాకు అమ్మవారికంటే ముందు రజియా మేడం గుర్తుకొస్తారు. ఆమె ఎవరో మీకు తెలిసే అవకాశం లేదు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో ప్రసంగాలు చేయలేదు, పేపర్లో ఫోటో పడలేదు. ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే ఆడిట్ ఆఫీసులో ఆమె నా పై అధికారి. నేను రాయపోల్ నుంచి వచ్చి కొత్తగా చేరినవాణ్ణి, నోటి దురుసు కొంచెం ఎక్కువ ఉన్నవాణ్ణి.

ఆమెది సిద్దిపేట. వాళ్ల నాన్నకు బజారులో గాజుల దుకాణం ఉండేది. ఇంట్లో ఉర్దూ, దుకాణంలో తెలుగు. గాజులు తొడిగించుకోవడానికి చెయ్యి చాపిన ఆడవాళ్లు ఇంటి సంగతులన్నీ చెప్పేస్తారని, మనుషులతో మాట్లాడటం తాను అక్కడే నేర్చుకున్నానని అనేవారు. ఆ రోజుల్లో ఒక విదేశీ బ్యాంకు ఇచ్చిన అప్పుతో మా వైపు కొన్ని ఊళ్లకు తాగునీటి ట్యాంకులు కట్టారు. ఆ డబ్బు సరిగ్గా ఖర్చయిందో లేదో మేం చూడాలి. మా అభ్యంతరాలను ఆఫీసు భాషలో పేరాలంటారు. అవి శాసనసభ పద్దుల కమిటీ ముందుకు వెళతాయి, కమిటీలోని ఎమ్మెల్యేలు ఆ డబ్బు ఖర్చుపెట్టిన శాఖవాళ్లను పిలిచి జవాబు అడుగుతారు. చెప్పడానికి ఇంతే, జరగడానికి మాత్రం ఏళ్లూ పూళ్లూ పడతాయి.

ములుగు దగ్గరి ఒక ఊరికి మొదటిసారి ఆమెతో తనిఖీకి వెళ్లాను. శాఖ ఇంజనీరు పూలదండ పట్టుకుని ట్యాంకు కింద నిలబడి ఉన్నాడు. రజియా మేడం అటు వెళ్లకుండా పక్కనున్న ఇంటి వాకిట్లో ఆగారు. “అక్కా, దూప అయితుంది. జర మంచినీళ్లియ్యవా?” అన్నారు. ఇంజనీరు ఉరుకుల పరుగుల మీద వచ్చి నీళ్ల సీసా చాపాడు, ఆమె దాన్ని నా చేతికిచ్చేశారు. ఇంట్లోంచి ఒక ముసలమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. ఇవి ట్యాంకు నీళ్లేనా అని అడిగితే, “గా ట్యాంకా? గది పావురాలకు కట్టిన్రు బిడ్డా. మేం బాయికాడి బోరుకు పోతం,” అంది. నాకు నవ్వాగలేదు. మేడం నవ్వలేదు. చెంబు తిరిగి ఇచ్చి, “మల్లేశ్, ఆ బోరుకాడికెల్లి నువ్వు నిండు బిందె మోసుకోని రా. ఎంత దూరమో నాకు చెప్పు, రాసుకుంట,” అన్నారు. ఎండలో ఆ బిందె మోసుకొచ్చాక నాకు మళ్లీ నవ్వు రాలేదు. ట్యాంకు కట్టారు కానీ దానికి నీళ్లు ఎక్కించే బోరే వేయలేదని ఆమె పేరా రాశారు. సరఫరా సక్రమంగా జరుగుతున్నదని శాఖ తాపీగా జవాబు పంపింది.

అంతలో ఉద్యమం ఊపందుకుంది. మా ఆఫీసు ముందే టెంటు వేశారు. నేను పని కన్నా టెంటులోనే ఎక్కువ ఉండేవాణ్ణి, మేడం కూడా మధ్యాహ్నం అన్నం గిన్నె పట్టుకుని వచ్చి మా మధ్య కూర్చునేవారు. అప్పుడే కమిటీ ఆ ఊరు చూడటానికి వస్తుందని కబురు వచ్చింది. ఆ నెలతో కమిటీ గడువు అయిపోతుంది. ఈలోగా వాళ్లు కళ్లారా చూడకపోతే శాఖ జవాబే ఖాయమై పేరా మూతబడుతుంది. ఆ తర్వాత ఆ ఊరి నీళ్ల గురించి అడిగే దిక్కు ఉండదు. నాకు మాత్రం చిరాకేసింది. “ఈ కమిటీలతోని ఏమైతది మేడం? రాష్ట్రం రానియ్యిండ్రి, అన్ని మనమే చేసుకుంటం,” అన్నాను. ఆమె ముద్ద కలుపుతూ, “చేసుకుందాం. గని అందాంక గా ముసలామె బిందె నువ్వు మోస్తవా?” అన్నారు. టెంటులో అందరూ నావైపు చూశారు. నాకు ఒళ్లు మండింది.

కమిటీ వచ్చిన రోజు ములుగు దాటకముందే రోడ్డు బందయింది. ఉద్యమకారుల వంటావార్పు నిరసన జరుగుతోంది. నడిరోడ్డు మీద రాళ్లు పేర్చి పొయ్యిలు పెట్టారు, గుండిగల్లో అన్నం ఉడుకుతోంది, చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు పాటలు పాడుతున్నారు. కమిటీ చైర్మన్ కోస్తా జిల్లాల నుంచి ఎన్నికైన పెద్దాయన, కారు అద్దం దించడానికే జంకుతున్నారు. శాఖ అధికారి ముఖం మాత్రం వెలిగిపోతోంది. “పరిస్థితి బాగాలేదు సార్, వెనక్కి వెళ్దాం. మా జవాబు ఎలాగూ మీ దగ్గరుంది,” అన్నాడు. చైర్మన్ సరేనని తల ఊపబోతుంటే రజియా మేడం జీపు దిగి పొయ్యిల వైపు నడిచారు.

ఉద్యమం కుర్రాడు శంకర్ అడ్డం వచ్చాడు. ఆ ట్యాంకు కట్టింది వాళ్ల ఊళ్లోనే. “మేడం, సర్కారు బండ్లు పోనియ్యం,” అన్నాడు.

“పోనియ్యకుండ్రి. నేనేమన్న అడిగిన్నా?” అని ఆమె ఒక పొయ్యి పక్కన కూర్చున్నారు. అన్నం కలియబెడుతున్న ఒకామెను పలకరించి, “ఎసరుకు నీళ్లు ఏడికెల్లి తెచ్చిన్రక్కా?” అని అడిగారు.

“ఏడియి, మా బాయికాడి బోరువే. ట్రాక్టర్ల డ్రమ్ములు పెట్టి తెచ్చినం.”

“మీ ఊర్ల ట్యాంకున్నది గద?” అనేసరికి, దాంట్లో ఏనాడూ చుక్క నీళ్లు లేవని ఆడవాళ్లంతా ఒక్కసారిగా అందుకున్నారు. చైర్మన్ ఎప్పుడు దిగారో, ఆమె వెనక నిలబడి వింటున్నారు. శంకర్‌కు కోపం వచ్చింది. “నువ్వు మన సిద్దిపేట మనిషివై వాళ్లను ఎంటేసుకొని వస్తివి. గీ లెక్కలు మనకెందుకు?” అన్నాడు.

మేడం లేచి నిలబడ్డారు. ఆమె గొంతు పెద్దది చేయడం నేను చూసింది ఆ ఒక్కసారే. “రాష్ట్రం వస్తది, నాకు నమ్మకమున్నది. దాని ఎంబడి గీ అప్పు గూడ వస్తది. నీళ్లు తాగకుంటనే మన పిల్లలు అప్పు కడతరా? ఈయనకు ట్యాంకు చూపియ్యి. చూసినంక నీ రోడ్డు నువ్వు బందు పెట్టుకో.”

శంకర్ కాలితో ఒక రాయి తన్నాడు. చివరికి, “సర్కారు బండ్లు మాత్రం పోవు. మా ట్రాక్టర్ మీద రమ్మను,” అన్నాడు. అలా ఆ పెద్దాయన పంచె ఎగ్గట్టి, ఉద్యమం జెండా కట్టిన ట్రాక్టరు ట్రాలీలో ఖాళీ డ్రమ్ముల మధ్య కూర్చుని ఆ ఊరు వెళ్లారు. ట్యాంకు కింద నల్లా తిప్పారు. బొట్టు రాలలేదు. శాఖ అధికారి పక్కనే ఉన్నా చైర్మన్ అక్కడ నోటు పుస్తకం కూడా తీయలేదు. తిరిగొచ్చాక మాత్రం పేరా మూయకూడదని, బోరు వేసి నీళ్లిచ్చే దాకా శాఖ తర్వాత వచ్చే కమిటీకి కూడా జవాబు చెబుతూనే ఉండాలని రాయించారు. వంటావార్పులో వాళ్లతో పాటే అన్నం తిని వెళ్లారు. వర్షాకాలం దాటాక ఆ ఊరికి నీళ్లొచ్చాయి.

రాష్ట్రం వచ్చిన రోజు సిద్దిపేట వీధులన్నీ గులాలుతో నిండిపోయాయి. నేను మిఠాయి డబ్బా తీసుకుని ఆమె ఇంటికి వెళ్లాను. అప్పటికి ఆమె రిటైరయ్యారు, ఆరోగ్యం బాగా దెబ్బతింది. మిఠాయి కొరికి కళ్లు తుడుచుకున్నారు, నేనూ ఏడ్చాను. కాసేపయ్యాక, “ఆఫీసు ఎప్పుడు తెరుస్తరు?” అని అడిగారు. ఈ పండగ పూట ఆఫీసు ముచ్చట ఎందుకు మేడం అన్నాను.

“ఇన్ని దినాలు పరాయోళ్లను అడిగినమని అనుకున్నవ్, గందుకే నీకు అల్కగ ఉండె. ఇగ మనోళ్లను అడగాలె మల్లేశ్. గది కష్టం,” అన్నారు.

ఆమె పోయి చాలా కాలమైంది. ఇప్పుడు నేను పేరా రాస్తే జవాబు చెప్పడానికి ఎదుటి కుర్చీలో కూర్చునేది ఒకప్పుడు టెంటులో నా పక్కన కూర్చున్నవాళ్లే. నా అన్నం గిన్నెలోంచి తిన్నవాళ్లు, నా పెళ్లికి వచ్చినవాళ్లు. ఆమె చెప్పింది నిజం, కష్టంగానే ఉంది. అయినా అడుగుతున్నాను.