క్రాఫ్టు టీచరుగారు తెచ్చిన అంచు

మా క్రాఫ్టు టీచరుగారు పోయారని పోయిన నెలలో తాడేపల్లిగూడెం నుంచి వారి అమ్మాయి ఫోను చేసింది. నిద్రలోనే ప్రాణం పోయిందట. "టీచరుగారూ, శనివారం ఊరెళ్ళాలని అమ్మ సంచి కూడా సర్దుకుందండీ" అంది. ఆ ఊరు ఏమిటో, ఆ శనివారాలు ఎందుకో తెలిసినవాళ్ళం కొద్దిమందిమే. మిగతావారికి చెప్పవలసిన బాధ్యత నాది.

ఏలూరులో ఒకే బాలికల పాఠశాలలో ఇరవై ఆరేళ్ళు ఆవిడ క్రాఫ్టు, నేను లెక్కలు చెప్పాం. గూడెం నుంచి రోజూ రైల్లో వచ్చేవారు. గాజులకు ఎప్పుడూ రెండు పిన్నీసులు వేలాడుతుండేవి. పిల్లలు బుట్ట పూర్తిచేసి తెస్తే, ఎంత అందంగా ఉన్నా, మార్కులు వేసేవారు కాదు. "పూర్తయినది బజార్లోనూ దొరుకుతుందమ్మా. సగం అల్లినప్పుడు తీసుకురా, చూస్తాను" అనేవారు. ఇది అన్యాయమని స్టాఫ్ రూములో చాలాసార్లు వాదించాను.

రిటైరయ్యాక మేం పదముగ్గురు టీచర్లం కలిసి వియత్నాం టూరు వెళ్ళాం. టైము చూసే పని నాకు అప్పగించారు. మూడో రోజు ఒక బజారులో తుంగ చాపలు కనబడితే, ఆ దేశం గుర్తుగా ఉంటాయని రెండు కొన్నాను. హోటలుకు రాగానే ఆవిడ ఒకదాన్ని వాసన చూసి, తిరగేసి, పిన్నీసు తీసి అంచు మీది గుడ్డ కుట్టు విప్పడం మొదలుపెట్టారు.

"ఏవండీ, అది నా చాప."

"తెలుసండీ. ఒక్క జానెడు విప్పుతాను." విప్పి చూపించారు. "చూడండి, కొసలు కోసేసి పైన గుడ్డ కప్పేశారు. ఇది మిషను పని. ఈ దేశంలో చేసిందో కాదో కూడా నమ్మకం లేదు."

"కొనేశాను కదా, ఇప్పుడేం చెయ్యమంటారు?"

"పరుచుకోండి."

అప్పుడు అసలు సంగతి చెప్పారు. ఆవిడ పుట్టినిల్లు ఆకివీడు దగ్గర, కొల్లేటి అంచున. చేపల చెరువుల మధ్య మిగిలిన తుంగతో అక్కడ వాళ్ళ వదినగారూ మరో ఇద్దరూ ఇంకా చాపలు అల్లుతున్నారు. అంచులు ఏడాది తిరక్కుండా విడిపోతుంటే కొనేవాళ్ళు ప్లాస్టిక్ చాపలకు మళ్ళుతున్నారు. వియత్నాంలో కొసను కోయకుండా వెనక్కి తిప్పి అల్లికలోనే దూర్చేస్తారని ఎవరో చెప్పారట.

"అది నేర్చుకోకుండా వెళ్తే మా వదిన వచ్చే ఏడు పని మానేస్తుందండీ. నేను బొమ్మలు కొనుక్కోడానికి రాలేదు."

మర్నాడు పడవల మీద తిప్పారు. తనకొచ్చిన ఇంగ్లీషులో ఆవిడ గైడమ్మాయిని ఒకటే అడిగారు: అమ్మే చాప వద్దు, ఇంకా పూర్తికాని చాప ఎక్కడుందో చూపించమని. మా పడవ నడిపే ఆమె పిన్నిగారింట్లో ఉందని తేలింది. అక్కడికి పడవ దారి మళ్ళించి వెళ్ళాలి. నేను వాచీ చూపించాను.

"పదకొండింటికి బస్సండీ. కుదరదు."

"మీరు బస్సెక్కేయండి. నేను నిదానంగా వస్తాను."

"భాష తెలీని దేశంలో ఎలా వస్తారు?"

"గూడెం రైలు తప్పిపోయిన రోజుల్లో ఎలా వచ్చేదాన్ని? అలాగే."

మిగతా పడవలను పొమ్మని చెప్పి నేనూ వెళ్ళాను.

అక్కడ ఇద్దరు ఆడవాళ్ళు నేల మీద కూర్చుని అల్లుతున్నారు. మా టీచరుగారు కుచ్చిళ్ళు దోపుకుని వాళ్ళ పక్కన చేరారు. ఒకరి మాట ఒకరికి తెలియదు. అందులో పెద్దావిడ కొస తిప్పి చూపించింది. ఈవిడ తిప్పారు. పెద్దావిడ వేళ్ళ మీద చిన్న దెబ్బ వేసి విప్పేసింది. ఎంతమంది పిల్లల చేతనో అల్లికలు విప్పించిన మనిషి, బుద్ధిగా మళ్ళీ మొదలుపెట్టారు. అలా ఐదుసార్లు. ఆరోసారి పెద్దావిడ విప్పలేదు. మేం బస్సు దగ్గరికి చేరేసరికి గంటా పది నిమిషాలు ఆలస్యమైంది. తప్పు నాదేనని అందరికీ చెప్పాను.

అంత దూరం వెళ్ళి ఏం తెచ్చారని ఏలూరులో అందరూ అడిగారు. ఆవిడ ఒక్క చాపా తేలేదు. "చేతిలో పట్టుకొచ్చానండీ" అనేవారు. ఆ వారం నుంచే, ప్రతి శనివారం బస్సెక్కి వదినగారికి నేర్పడానికి వెళ్ళసాగారు.

దినకార్యాలు అయ్యాక నేనూ ఆ ఊరు వెళ్ళాను. వదినగారు చాప చూపించారు. కుడి అంచు గట్టిగా, శుభ్రంగా ఉంది.

"ఇది నాకొచ్చేసిందండీ. ఎడం వైపుది చెయ్యి మార్చి తిప్పాలి. అది మా ఆడపడుచే చేసేది. ఆ శనివారం వచ్చి చెబుతానంది."

కొసలు కోసేసి గుడ్డ కుట్టేద్దామని పక్కనున్నామె అంది. నేను ఒప్పుకోలేదు. నాకు అల్లిక రాదు. అయినా ఆరోజు దగ్గర నిలబడి చూసినదాన్ని నేనొక్కదాన్నే. చాప పక్కన కూర్చున్నాను. నాలుగు రకాలుగా తిప్పి చూశాం. నాలుగూ విప్పేశాం. ఆఖరి బస్సు వేళకి లేచి, వచ్చే శనివారం మళ్ళీ వస్తానన్నాను.

"ఈలోగా కొసలు ఎండి విరిగిపోతాయేమోనండీ" అన్నారు వదినగారు.

"తడిగుడ్డ కప్పి ఉంచండి. ఆరినప్పుడల్లా తడపండి."

గట్టు మీదికి వచ్చి వెనక్కి చూశాను. వదినగారు గుమ్మంలో వంగి తడిగుడ్డ పరుస్తున్నారు. దాని కింద నుంచి ఎడం వైపు తుంగ కొసలు, జానెడేసి పొడుగున, ఒక్కటీ కోయనివి, గడప దాటి బయటికి చాచుకుని చెరువు గాలికి కదులుతున్నాయి.