చిన్నాగాణ్ణి బజార్లో వదిలేద్దామని

“చిన్నా! ఒరేయ్ చిన్నా! ఎక్కడున్నావురా బంగారం?”

సాయంత్రం గేటు తీస్తూనే మా ఆయన నోట్లోంచి వచ్చే మొదటి మాట ఇదే. నేనేమో తల దువ్వుకుని, కనకాంబరాలు పెట్టుకుని, కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉంటానా... నా పక్కనించే దూసుకుని పెరట్లోకి పోతాడు!

చిన్నా అంటే చంటిపిల్లాడనుకునేరు. కుక్క! గ్రేట్ డేన్ అంట. నిలబడితే నా నడుం దాటుద్ది. వెనక కాళ్ళ మీద లేస్తే మా ఆయన కంటే పొడుగు. హైదరాబాదు స్నేహితుడెవరో ఇచ్చాడు. మొన్న వాడి మూలాన మాచర్ల బజార్లో నా పరువు ఎట్టా పోయిందో చెప్తా, నవ్వమాకండి.

పెళ్ళయి మూడు నెలలు. మాచర్లలో కాపురం పెట్టి నెల కూడా కాలా. వారపత్రికల్లో సీరియళ్ళు చదివి నేనేదో ఊహించుకున్నా. మొగుడు మల్లెపూలు తెస్తాడు, కళ్ళల్లోకి చూస్తాడు అని. మా ఆయన తెచ్చేది మాంసం కొట్టు నించి బొమికలు. చూసేది చిన్నాగాడి కళ్ళల్లోకి, పుసులు పట్టాయేమోనని! మెడ వంచితే నొప్పంట, వాడి గిన్నెకి ఎత్తుపీట. గచ్చు మీద పడుకుంటే మోచేతులు కాయలు కాస్తాయని రోజూ కొబ్బరినూనె మర్దన. నేనూ ఒకరోజు నా మోచేతులు చూపించా. “గిన్నెలు తోమితే అంతేలే,” అన్నాడు. ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ వాడివైపే తిరిగి ఉంటది. నాకు తాటాకు విసనకర్ర.

అయినా ఓర్చుకున్నా. ఆదివారం ఎత్తిపోతల జలపాతానికి పోదామండీ, స్కూటర్ మీద, మనిద్దరమే అని అడిగితే, “మరి చిన్నాగాడి దగ్గర ఎవరుంటారే?” అన్నాడు చూడండీ, అప్పుడు పుట్టింది నాకు దుర్బుద్ధి.

మర్నాడు ఆయన మోటార్ల వైండింగ్ షాపుకి పోగానే వాడి గొలుసు విప్పా. గేటు బార్లా తీశా. “పోరా నాయనా, ఎక్కడికన్నా పో!” వాడు ఆవులించి నా కాళ్ళ మీద పడుకున్నాడు. సరే, నేనే తీసుకుపోయి జనంలో వదిలేసి వద్దామని సంచి పట్టుకుని బయల్దేరా. బుద్ధిగా వెంట వచ్చాడు.

బజార్లో కేకలు! “అమ్మో, పులే!” అని ఒకడు అరుగెక్కాడు. ఆ సందట్లో నేను మెల్లగా జారుకుని ఎండుమిరపకాయలమ్మే మస్తానమ్మ కొట్టు వెనక నక్కా. రెండు నిమిషాలు కాలా, వాసన పట్టుకుని వచ్చేశాడు. వాడికో అలవాటుంది, ప్రేమొస్తే ఒళ్ళంతా మనమీద ఆనిచ్చేస్తాడు. ఆనిచ్చాడు. నేను వెళ్ళి మిరపకాయల రాశిలో వెల్లకిలా పడ్డా! కళ్ళు మంట, ముక్కు మంట, హాచ్, హాచ్!

“ఎవురి కుక్కమ్మాయ్ ఇది?” మస్తానమ్మ గద్దించింది.

“నాది గాదు పిన్నీ.”

“నీది గాకపోతే నీ వొళ్ళో కూకుందేందే?”

జనం గొల్లుమన్నారు. ఇంక తప్పక, “మా ఆయనది. వైండింగ్ షాపు,” అన్నా.

“ఊళ్ళో అయిదారుండయి షాపులు. మీ ఆయన పేరేంది?”

పేరెట్టా చెప్తా? మా అమ్మ ఇప్పటిదాకా మా నాన్న పేరు పలకలా! “అదే పిన్నీ... స్తంభంలోంచి వచ్చిన దేవుడు... హాచ్!”

“నరసిమ్మమా! కొత్తగా వచ్చినాయన, స్కూటరుంటది, ఆయనేనా?” అంటా సోడాలమ్మే ఖాదర్ బాబాయ్ సైకిలెక్కి పోయి ఆయన్ని తీసుకొచ్చాడు.

ఆయన వస్తూనే నా ఎర్రటి కళ్ళు చూసి నిలబడిపోయాడు. “పిచ్చిదానా! వీడు తెంపుకుని పారిపోతే వెతుక్కుంటా ఇంతదూరం వచ్చావా? ఏడ్చావా?” జేబురుమాలు తీసి, నలుగురి ముందూ నా మొహం తుడిచాడు. కళ్ళల్లోకి చూశాడు! మూడు నెలల్నించి దేనికోసం చూశానో అదేగా! చిన్నాగాడి వంక తిరగనైనా లేదు. ఆయన అనుకున్నదాన్ని అట్టాగే ఉండనిచ్చా. ఒట్టు, ఆ ఒక్క నిమిషం హాయిగా ఉంది.

తర్వాత ఆయన వాడివైపు తిరిగాడు. “ఎంత పొగరురా నీకు! కొత్త పెళ్ళికూతుర్ని ఇంత ఏడిపిస్తావా? రేపే లారీ ఎక్కిచ్చి హైదరాబాదు పంపిస్తా, పీడా పోద్ది!” అని చెయ్యెత్తాడు.

వాడు తప్పించుకోను కూడా లేదు. అంత తలకాయా తెచ్చి నా భుజమ్మీద పెట్టి, చొంగ కారుస్తా, కొడితే కొట్టనీ, నువ్వున్నావుగా అన్నట్టు నిలబడ్డాడు.

“ఆగండి, కొట్టమాకండి!” అన్నా. “వాడు తెంపుకోలేదు. నేనే విప్పా. ఈడ వదిలేసి పోదామని నేనే తీసుకొచ్చా. ఏం చెయ్యమంటారు... హాచ్... కుక్క మీద కుళ్ళుకుని చచ్చిపోతున్నానండీ!”