నా ఛాతీలో మోగిన ఈల

నా చిన్నప్పుడు, తీర్థంలో బొమ్మల కొట్టు దగ్గర కొన్న ప్లాస్టిక్ బూరను ఊదీ ఊదీ విసుగొచ్చి, ఒకసారి లోపలికి పీల్చి చూశాను. అందులోని చిన్న ఈల ముక్క ఊడి గొంతులోకి జారిపోయింది. కాసేపు ఉక్కిరిబిక్కిరయ్యాను. దగ్గు తగ్గాక చూస్తే, ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఛాతీలోంచి సన్నగా ఈల! నాకది తెగ నచ్చింది. పెరట్లో కోళ్ల వెంటపడి మరీ వినిపించాను.

మా మామ్మకు మాత్రం గుండె జారిపోయింది. ఆవిడ లెక్కలో అరటిపండుకు లొంగని జబ్బు లేదు. అది మింగితే ఈల కిందికి దిగిపోతుందని పండు ఒలిచి పట్టుకుంది. మా బాబాయి నన్ను తలకిందులుగా వేలాడదీద్దామన్నాడు. ఆ గోల విని పక్కింటి అక్క పరుగున వచ్చింది. కువైట్‌లో నర్సు, సెలవుకు వచ్చి ఉంది.

"ఏమీ పెట్టకండి మామ్మగారూ! అది పొట్టలోకి కాదండి, ఊపిరితిత్తిలోకి వెళ్లింది. పిల్లకి గాలాడుతోంది కదండీ, కదపకుండా కాకినాడ తీసుకెళ్దాం. ఏడ్చినప్పుడు అది జరిగి అడ్డం పడిందంటే ఊపిరాడదండి."

ఆ మాట వినగానే నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అక్క గబుక్కున నా ముందు కూర్చుని, "ఇవేళ కాకినాడ బస్సుకి నువ్వే కండక్టరువి. డ్యూటీలో ఉన్నవాళ్లు ఏడవకూడదు, నవ్వకూడదు, మాట్లాడకూడదు. సరేనా?" అంది. "ఆయ్" అనబోయి, డ్యూటీ గుర్తొచ్చి తలూపాను.

అమలాపురంలో బస్సెక్కి డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాం. కండక్టరు ఈల వేస్తే బండి ఆపడం ఆయనకు అలవాటు. నేను దగ్గినప్పుడల్లా లోపలి ఈల గట్టిగా మోగేది, ఆయన బ్రేకు వేసేవాడు. "దిగేదెవరండీ?" అని ఈయన, "నేను ఈలే వెయ్యలేదండీ బాబూ!" అని వెనకనుంచి అసలు కండక్టరు. ఏడుపుకన్నా నవ్వు ఆపుకోవడమే నాకు కష్టమైంది. రామచంద్రపురం వచ్చేసరికి వాళ్లిద్దరికీ మాటా మాటా పెరిగింది. అక్క లేచి సంగతి చెప్పింది. డ్రైవరు నా వైపు తిరిగి, "ఇంక తమరు చెబితేనే ఆపుతానండి" అన్నాడు. ఆ తరవాత బస్సు కాకినాడ దాకా ఎక్కడా ఆగలేదు. మధ్యలో దిగాల్సినవాళ్లు కూడా మాతోపాటే వచ్చి కాకినాడలో దిగారు.

ఆసుపత్రిలో డాక్టరుగారు మత్తిచ్చి, నోట్లోంచి సన్నటి గొట్టం దింపి ఆ ముక్కను బయటికి తీశారు. మెలకువ వచ్చేసరికి నా చెయ్యి అక్క చేతిలో ఉంది. ఆ చెయ్యి వణుకుతోంది. దారంతా ఆవిడ నాకన్నా ఎక్కువ భయపడిందని అప్పుడు తెలిసింది. "డ్యూటీ అయిపోయిందమ్మా, ఇంక ఏడవొచ్చు" అంది. నాకు ఏడుపు రాలేదు. ఆవిడే ఏడ్చింది.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లలకు ఏ దెబ్బ తగిలినా నేను "భయపడకు" అనను. ముందు ఏదో ఒక డ్యూటీ అప్పజెబుతాను. నా చేతులు వణుకుతున్న సంగతి వాళ్లు పెద్దయ్యాక తెలుసుకుంటారు లెండి.