మేనేజర్లు వద్దు, నేను తప్ప

మొన్న శనివారం మా బ్యాండ్ ప్రాక్టీస్ చేసినందుకు నాకు ప్రమోషన్ వచ్చింది! నవ్వకండి. ముందు మొత్తం వినండి, తర్వాత తిట్టండి. నేనూ మీతో కలిసి తిడతా.

మాదొక హార్డ్‌కోర్ పంక్ బ్యాండ్. పేరు 'కరెంట్ కోత'. ఈ పంక్ అంటే ఏమిటో మా అమ్మకు ఏడేళ్లుగా వివరిస్తూనే ఉన్నా, మీకు మాత్రం ఒక్క ముక్కలో చెప్పేస్తా. పాట నిమిషంలో అయిపోవాలి, ఆ నిమిషంలో ఎవర్నో ఒకర్ని గొంతు చించుకుని తిట్టాలి. మాది పైగా ఎక్స్‌పెరిమెంటల్. అంటే డ్రమ్స్, గిటార్‌తో పాటు ఒక డ్రిల్లింగ్ మెషీన్, ఒక ఖాళీ మిక్సీ కూడా వాయిస్తాం. డ్రమ్స్ మా యాదగిరి, పుట్టి పెరిగింది చందానగర్‌లోనే. గిటార్ వంశీ, భీమవరం మనిషి, ఎవర్నైనా తిట్టినా చివర 'అండీ' పెట్టందే ఊరుకోడు. అరిచేది నేను. నా పేరు సుభాషిణి. పేరు పెట్టిన రోజు మా నాన్నకు ఏం తెలుసు పాపం!

ఏడేళ్లలో ఐదు షోలు చేశాం. కొండాపూర్‌లో ఒక కేఫ్‌లో మూడు పాటలు అయ్యాక ఓనర్ వచ్చి, "మేడమ్, సౌండ్ చెక్ అయిపోతే చెప్పండి, జనాన్ని లోపలికి పంపిస్తా" అన్నాడు. నల్లగండ్లలో ఒక అపార్ట్‌మెంట్ ఫంక్షన్‌లో అయితే, మేం మొదలుపెట్టగానే జనరేటర్ పాడైందనుకుని వాచ్‌మన్ సెల్లార్‌లోకి పరుగెత్తాడు. దాన్ని మేం మంచి రివ్యూ కిందే రాసుకున్నాం.

ముగ్గురం ఒకే కంపెనీ, వేరే వేరే టీములు. అందుకే పాటలన్నీ ఆఫీసు మీదే. మా సూపర్ హిట్ పాట 'మళ్లీ మీటింగా'. సాహిత్యం నాదే. "మళ్లీ మీటింగా! దేనికి? దేనికి? దేనికి? మేనేజర్లు వద్దు! ఒక్కడూ వద్దు!" అంతే, పాట అయిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి చెప్తా, ఎవరికీ చెప్పకండి. ఈ పాట రాసిన మహాతల్లి గుట్టుచప్పుడు కాకుండా మేనేజర్ పోస్టుకి అప్లై చేసింది! సోమవారం ఇంటర్వ్యూ. నాకా పోస్టు కావాలి, చచ్చేంత కావాలి. నా దగ్గర పని నేర్చుకున్న ఇద్దరు మేనేజర్లయిపోయి, నన్నే "స్టేటస్ ఏంటి సుభాషిణీ" అని అడుగుతుంటే ఒళ్లు మండిపోదా? కానీ యాదగిరికి, వంశీకి చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని చెప్పను?

సరే, శనివారానికి వద్దాం. మణికొండలో మా ఫ్లాట్‌లో ప్రాక్టీస్ చేస్తే కింది ఫ్లాట్ ఆంటీ చీపురు కర్రతో సీలింగ్ మీద కొడుతుంది. ఆ తాళం యాదగిరి తాళంతో కలవదు. అందుకని సెలవు రోజు ఆఫీసులో ట్రైనింగ్ రూమ్ వాడుకుందామన్నాను. బయటికి చప్పుడు రాదు, ఏసీ ఉంది. కాకపోతే క్యాలెండర్‌లో మీటింగ్ పెడితేనే ఆ రూమ్ తలుపు తెరుచుకుంటుంది.

మీటింగ్ పెట్టాలంటే ఏం చేస్తాం? కొత్తది తయారు చేస్తామా? ఐటీలో పదేళ్లు చేసిన మనిషి ఏదీ కొత్తగా తయారు చేయదండీ, పాతదాన్ని కాపీ కొడుతుంది. నేనూ 'ఎస్కలేషన్ రివ్యూ' అనే, ముదిరిపోయిన ఫిర్యాదుల మీద పెట్టే పాత మీటింగ్‌ని కాపీ కొట్టి, అందులో పేర్లన్నీ ఒక్కొక్కటే తీసేసి, మా ముగ్గురి పేర్లు పెట్టా. అట్టడుగున ఒక గ్రూప్ మెయిల్ ఐడీ ఉంది. అది చూడలేదు. అందులో నలభై ముగ్గురు ఉన్నారు. రికార్డింగ్ ఆన్, మాటలు విని ఏఐ తనే రాసే నోట్స్ ఆన్, అవీ చూడలేదు!

మూడింటికి ఆ రూమ్‌లో మైకూ, కెమెరా ఉన్న టీవీ తనంతట తనే మీటింగ్‌లో చేరింది. మాకెలా తెలుస్తుంది? యాదగిరి చెమట పట్టిన చొక్కా విప్పి దాని మీదే, కెమెరాకి అడ్డంగా ఆరేశాడు.

గంటన్నర కుమ్మేశాం. కిందికి దిగి, టీ బండి దగ్గర మొదటి గుక్క తాగుతుంటే ఫోన్ మోగింది. మీటింగ్ నోట్స్ అట. చదివాను. తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంది:

"మీటింగ్‌లు దేనికి అన్న ప్రశ్నను సుభాషిణి పలుమార్లు, తీవ్ర ఆవేదనతో లేవనెత్తారు. ఎవరూ సమాధానం ఇవ్వలేదు. నిర్ణయం: మేనేజర్లు అవసరం లేదు. హాజరైన వారందరూ ఏకగ్రీవంగా అంగీకరించారు. చేయాల్సిన పనులు: యాదగిరి ఇంకా గట్టిగా కొట్టాలి. ఎవరిని అన్నది స్పష్టం కాలేదు."

ఇది నలభై ముగ్గురికీ వెళ్లింది! మా డైరెక్టర్ మూర్తి గారికి కూడా. సోమవారం నా ఇంటర్వ్యూ చేసేది ఆయనే.

"ఏందక్కా, మొఖం గట్ల తెల్లగైంది?" అన్నాడు యాదగిరి. నోట్స్ చూపించా. వాడు పడీపడీ నవ్వాడు. "ఫికర్ చెయ్యకు. మహా అంటే తిడ్తరు. మనకేం పోతది, ప్రమోషన్ పోతదా?" అన్నాడు. టీ పొలమారింది నాకు. "చాలా బాగా రాసిందండీ ఏఐ, మనల్ని ఇంత శ్రద్ధగా విన్నది ఇదొక్కటేనండీ" అని వంశీ కళ్లు తుడుచుకున్నాడు.

ఆదివారమంతా నిజం చెప్పేద్దామా, అది ఏఐ పొరపాటు అందామా, లేక జ్వరం అని ఇంటర్వ్యూ ఎగ్గొడదామా అని ఆలోచిస్తూనే ఉన్నా.

సోమవారం లోపలికెళ్లేసరికి మూర్తి గారి ముందు ఆ నోట్స్ ప్రింట్ తీసి ఉన్నాయి. పక్కన హెచ్ఆర్ మేడమ్.

"ఏంటమ్మా ఇది?" అన్నారాయన.

"సర్, అదీ..."

"శనివారం! సెలవు రోజు! జూనియర్లని కూర్చోబెట్టి వాళ్ల బాధలు విన్నావు. అదీ లీడర్ లక్షణం! నిజం చెప్పనా? మళ్లీ మీటింగా, దేనికి అని నేనూ రోజూ అనుకుంటా. అనే ధైర్యం లేదు."

హెచ్ఆర్ మేడమ్ అందుకుంది. "రికార్డింగ్ కూడా విన్నామండీ. మీ ఎమోషన్ అర్థమైంది. కానీ వెనకాల ఆ దారుణమైన చప్పుడేంటి? ఎవరో గోడలు పగలగొడుతున్నట్టు..."

అది మా మ్యూజిక్ అండీ. ఏడేళ్ల కష్టం అండీ. వంశీ రెండు నెలలు కూర్చుని, డ్రిల్లింగ్ మెషీన్‌కి సరిపోయేలా గిటార్ మీద కట్టిన సోలో అండీ అది. చెప్పడానికి ఇంతకంటే మంచి అవకాశం రాదు. నిజమైన పంక్ అయితే ఏం చేస్తుంది? టేబుల్ ఎక్కి అక్కడే పాడుతుంది.

నేను గొంతు సవరించుకుని, ఎంతో వినయంగా, "పై ఫ్లోర్‌లో రిపేర్లు జరుగుతున్నాయి మేడమ్" అన్నాను.

బుధవారం ప్రమోషన్ మెయిల్ ఆఫీసంతటికీ వెళ్లింది. వాళ్లిద్దరికీ కూడా. ఇంకేం దాస్తాను? ఆ సాయంత్రం క్యాంటీన్‌లో మొత్తం ఒప్పేసుకున్నా, రిపేర్ల ముక్కతో సహా. యాదగిరి, "మేనేజరైనవ్, మంచిదే. గని నా డ్రమ్స్‌ను రిపేర్ అన్నవ్ సూడు, గది తట్టుకుంటలేనక్కా" అన్నాడు. వంశీ అయితే 'అండీ' కూడా లేకుండా "ఛీ" అన్నాడు. బ్యాండ్ ఇక్కడితో సరి అనుకున్నా.

కానీ నిన్న పొద్దున్నే ఇద్దరూ మా ఇంటికొచ్చారు. కొత్త పాట రాశారట, నా చేతికి కాగితం ఇచ్చారు. పాట పేరు 'సుభాషిణి మేడమ్'. చదివితే చెవుల్లోంచి పొగలొచ్చాయి. మేనేజర్లందరినీ వదిలేసి, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నన్నొక్కదాన్నే తిట్టారు!

"మరి ఇది ఎవరు పాడతారు?" అన్నాను.

"మా ఇద్దరికీ అరవడం రాదు కదండీ" అన్నాడు వంశీ, గిటార్ తగిలించుకుంటూ.

పాడాను. కింది ఆంటీ చీపురు కర్ర అందుకునేదాకా, నన్ను నేనే గొంతు చించుకుని తిట్టుకున్నా. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఏడేళ్లలో నేను మనస్ఫూర్తిగా పాడిన పాట అదొక్కటే.